అమ్మ పిండిన కిస్మిస్ రసం

నేను నల్లగొండలో ఒక దవాఖానలో నర్సును. వాంతులు, చీము, పుండ్లు, తడిసిన పక్కబట్టలు అన్నీ రోజూ చూసేవే, నా చేత్తో ఎత్తి కడిగేవే. కొత్తగా డ్యూటీలో చేరిన పిల్లలు ముక్కు మూసుకుని పక్కకు పోతే నాకు నవ్వొస్తుంది. మనిషి ఒంట్లోంచి వచ్చేదేదీ నాకు రోత పుట్టించదని చాలాకాలం గొప్పగా చెప్పుకున్నాను. అట్లాంటి దాన్ని, పోయిన నెల మా తమ్ముడితో ఫోనులో మాట్లాడాక వాష్‌బేసిన్ మీదికి వంగి నిలబడ్డాను. కక్కలేదు. కక్కితే బాగుండేది.

తమ్ముడి పేరు ప్రవీణ్, మా ఊళ్లో పాస్టరు. దేవరకొండ నుంచి కల్వకుర్తి పోయే దారిలో కొంచెం లోపలికి ఉంటుంది మా ఊరు. బాపు బతికినన్నాళ్లూ మాదిగవాడలో ఉన్న ఆ చర్చికి ఆయనే పాస్టరు, ఆయన పోయాక వీడు. పాత రేకుల చర్చి తీసేసి కొత్త హాలు కట్టాడు. ప్రారంభానికి రిబ్బను కత్తిరించేది సుశీలమ్మగారట. ఆ పేరు వినగానే ఫోను చెవికి కొంచెం దూరంగా పట్టుకున్నాను. వాడు మాత్రం సంబరంగా చెప్పుకుపోయాడు. ఆమె హైదరాబాద్‌కి తిరిగొచ్చి స్థిరపడ్డదని, మనల్ని మర్చిపోలేదని, హాలుకు ఫ్యాన్లు ఆమే ఇప్పించిందని. చివర్లో గొంతు తగ్గించి అసలు సంగతి చెప్పాడు. "అక్కా, అమ్మకు జర నువ్వే చెప్పాలె. గా రోజు బల్లకు కిస్మిస్ రసం గిట్ల ఏం పిండొద్దని. నేను చిన్న కప్పులు తెప్పిస్తున్న, ప్యాకింగ్‌వి. పెద్దోళ్లు వస్తున్నరు, బాగుండదు." బాగుండదు. ఆ మాట నేను ఇంతకుముందు విన్నాను. విన్న చోటు వేరు, చెప్పిన నోరు వేరు.

బల్ల అంటే మాకు నెలకోసారి, మొదటి ఆదివారం, రొట్టె విరిచి ద్రాక్షరసం పంచుకునే ప్రభు భోజనం. ఆ ద్రాక్షరసం మాకు సీసాలో వచ్చేది కాదు. శనివారం పొద్దుగూకే వేళ అమ్మ నల్ల కిస్మిస్ పళ్లు కడిగి, కాచిన నీళ్లలో వేసి మూత పెట్టేది. తెల్లవారి తలస్నానం చేసి, నోట్లో మెతుకు వేసుకోకుండా, ఉతికిన తెల్ల పంచె ముక్కలో ఆ పళ్లు మూటగట్టి రెండు చేతులా పిసికేది. పిసుకుతున్నంతసేపూ ఆమెతో ఎవరం మాట్లాడకూడదు, ఆమె లోపల్లోపల ప్రార్థన చేసుకునేది. పులిసీ పులియని ఆ తీపి వాసన, తడిసిన పంచె వాసన, అమ్మ చేతుల సబ్బు వాసన కలిసి ఇల్లంతా ఉండేవి. చిన్నప్పుడు ఎవరైనా యేసుప్రభువు అంటే నాకు బొమ్మ కాదు, ఆ వాసన గుర్తొచ్చేది.

గిన్నె ఒక్కటే. బాపు నల్లగొండ బజారులో స్టీలు సామాన్ల దుకాణంలో కొన్నది, పెండ్లిళ్లలో ఐస్‌క్రీము పెట్టే కాడ గిన్నెల్లో కొంచెం పెద్దది. బీడీ తాగే తాత, పొగాకు నమిలే అవ్వ, దగ్గే మేస్త్రీ, పాలిచ్చే తల్లి, అందరూ అందులోనే తాగేవాళ్లు. అందరి తర్వాత, అడుగున మిగిలింది బాపు తాగేవాడు. అందులో ఏ రొట్టె తునక తేలుతున్నా, ఎవరి మీసం మునిగినా చూడకుండా ఎత్తి గటగటా తాగి, గిన్నె బోర్లించి చూపించేవాడు. చుక్క మిగలొద్దు, అది పద్ధతి. నీకు అసహ్యం వెయ్యదా బాపూ అని ఒకసారి అడిగాను. బాపు నెమ్మది మనిషి, ఎవరికీ ఎదురు చెప్పడు, ఊళ్లో పటేలు పిల్లలు అరే అన్నా పలికేవాడు. ఆ రోజు మాత్రం నన్ను దగ్గర కూర్చోబెట్టుకుని చెప్పాడు. "చాయ్ హోటల్ల మనకు వేరే గిలాస పెట్టిండ్రు బిడ్డా. దాన్ని చూరుల చెక్కి, మల్ల మనమే తీసుకొని తాగి, కడిగి పెట్టేది. గీ గిన్నె ఒక్కటే మనల్ని దూరం పెట్టలే. దీన్ని నేను దూరం పెడ్తనా?"

తెలంగాణ రావడానికి పదేళ్ల ముందు, నేను ఇంటర్ అయిపోయి ఇంట్లో ఉన్నప్పుడు, నల్లగొండలో జరిగిన సువార్త సభలకు గల్ఫ్ నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. అక్కడ ఒక పట్టణంలో తెలుగువాళ్ల సంఘానికి అధ్యక్షుడు. ఆ పట్టణం పేరు చెప్పను, అక్కడ ఇంకా మంచివాళ్లున్నారు. బాపు ప్రార్థన విని ఆయన కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. మా సంఘానికి పాస్టరు లేడు, కుటుంబంతో ఒక ఏడాది రండి, నచ్చితే వీసా పొడిగిస్తాం, అబ్బాయిని ఇంగ్లీషు బడిలో వేస్తాం, అమ్మాయిని నర్సింగ్ చదివిస్తాం అన్నాడు. మా ఊరి ఫ్లోరైడు బోరు నీళ్లు తాగి అప్పటికే అమ్మ మోకాళ్లు వంగమని మొండికేస్తున్నాయి. ఆమె మంచినీళ్లు దొరుకుతాయా అని ఒక్కటే అడిగింది. దొరుకుతాయి అన్నాడు. దొరికాయి. ఆ మాట అబద్ధం కాదు.

వాళ్ల బంగళా వెనక డ్రైవర్ల కోసం కట్టిన రెండు గదులు మాకిచ్చారు. గదుల నిండా ఏసీ చల్లదనం, అగరు సెంటు వాసన. ఆ సెంటు సుశీలమ్మగారిది. ఆమె ఆ పెద్దాయన భార్య. ఆమె వచ్చిపోయిన గంట దాకా ఆ వాసన గుమ్మంలో నిలబడేది. కోస్తావాళ్లు, నాలుగు తరాల క్రైస్తవులు. మనుషులందరూ బాప్తిస్మం తీసుకున్నారు గానీ పేరు చివరి కులం తోక ఆ నీళ్లలో తడవలేదు. వచ్చిన వారంలోనే ఆమె అమ్మను ఇంటిపేరు అడిగింది, మీ ఇల్లు ఊళ్లోనా వాడలోనా అని అడిగింది, పెళ్లికి ముందు మీ నాన్నగారు ఏం పని చేసేవారని అడిగింది. అమ్మ అన్నిటికీ ఉన్నదున్నట్టు చెప్పింది. మా నాయిన డప్పు కొట్టేటోడు, చెప్పులు కుట్టేటోడు అంది. ఆమె అయ్యో పాపం అంది. ఎందుకు పాపమో మాకు అర్థం కాలేదు.

ఆమె దయ రేకు డబ్బాల్లో వచ్చేది. వాళ్లింట్లో విందు అయిన మర్నాడు పనిమనిషి చేత బిర్యానీ పంపేది. మొదట్లో సంబరపడి తిన్నాం. ఒకరోజు అన్నం కింద చీకి పారేసిన ఎముక వచ్చింది, పంటి గాట్లతో సహా. ఇంకోసారి పంపిన కేకు ముక్కకు పెదవుల రంగు అంటుకుని ఉంది, లేత గులాబీ రంగు. అమ్మ ఆ అంచు వరకు చాకుతో కోసి మిగతాది తమ్ముడికి పెట్టింది. వాడు చిన్నవాడు, ఇంకా కావాలని ఏడ్చాడు. మేం మాత్రం ఇంటి నుంచి తెచ్చుకున్న ఎండు తునకలు, అదే ఎండబెట్టిన గొడ్డు మాంసం, ఒక్కరోజు వండుకుంటే, ఆమె గుమ్మంలో నిలబడి ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, ఏమనుకోవద్దమ్మా, ఈ వాసన మా బెడ్‌రూముల్లోకి వస్తోంది అని చెప్పిపోయింది. మిగిలిన తునకలు అమ్మ కవర్లో చుట్టి అటక మీద దాచింది. ఏడాదంతా ఆ కవరు అక్కడే ఉంది.

అక్కడ ఆరాధన శుక్రవారం. ఒకే ఆవరణలో ఒక భాష వాళ్ల తర్వాత ఇంకో భాష వాళ్లు హాలు వాడుకుంటారు. మాకు ముందు మలయాళీలు, మా తర్వాత ఫిలిప్పీన్స్ వాళ్లు. వాళ్లొచ్చేలోపు హాలు ఊడ్చి, చెత్తబుట్టలు ఖాళీ చెయ్యాలి. ఆ పని పాస్టరు కుటుంబానిదని ఎవరూ చెప్పలేదు, ఎవరూ చెయ్యలేదు కాబట్టి నేను చేసేదాన్ని. బాపు వచ్చిన కొత్తలో ముందు వరుసల్లో ఉండే కుటుంబాలే ఉండేవి. తర్వాత బాపు కూలీల క్యాంపులకు పోయి ప్రార్థనలు పెట్టడం మొదలుపెట్టాడు. అచ్చంపేట, మునుగోడు, నారాయణపేట దిక్కు నుంచి వచ్చిన మేస్త్రీలు, సెంట్రింగ్ పనివాళ్లు బస్సు మాట్లాడుకుని శుక్రవారాలు హాలుకు రాసాగారు. ఎల్లయ్య అని అచ్చంపేట అతను వాళ్లకు పెద్ద, అమ్మను వదినా అని పిలిచేవాడు. కాళ్లకు సిమెంటు, చంకల కింద ఎండిన చెమట గీతలు. వెనక బెంచీల మీద కూర్చుని, పాట వస్తే చప్పట్లు కొట్టి హాలు అదరగొట్టేవాళ్లు. బాపు మొహం అప్పుడు చూడాలి.

బల్లకు అక్కడ కూడా అమ్మే రసం పిండేది. అదే పద్ధతి, అదే పంచె ముక్క, అదే గిన్నె, మా సామాన్లలో అన్నిటికంటే భద్రంగా తెచ్చుకున్నది. ముందు వరుస వాళ్లు ముందు తాగేవారు, క్యాంపు వాళ్లు తర్వాత, చివర బాపు. సుశీలమ్మగారికి బల్ల దగ్గర ఏడుస్తుందని పేరు. గిన్నె పెదవికి తగలగానే కళ్లు మూసుకుని, పూల బొమ్మల కాగితపు రుమాలు తీసి మొహానికి అడ్డం పెట్టుకుని వంగిపోయేది. ఆమె భక్తిని అందరూ మెచ్చుకునేవారు. మా అమ్మ కూడా మెచ్చుకుంది. నేను పిండిన రసం ఆమెను గంతగనం కదిలిస్తాంది చూడు అని నాతో అంది.

ఒక శుక్రవారం చెత్తబుట్ట ఎత్తుతుంటే సంచీ చిరిగి అంతా కింద పడింది. ఏరడానికి కూర్చున్నాను. ఉండలు చుట్టిన కాగితపు రుమాళ్లు, పూల బొమ్మలవి, తెల్లవి, ముందు వరుసల వాళ్లందరివీ. విప్పి చూడాలని ఎవరికుంటుంది, ఒకటి దానంతట అదే విచ్చుకుంది. మధ్యలో ఊదారంగు మరక, ఇంకా తడిగా, అంచున లేత గులాబీ రంగు. వాసన చూడాల్సిన పని లేదు, అయినా చూశాను. కిస్మిస్, దాని మీద ఉమ్మి, దాని మీద అగరు సెంటు. మిగతావి కూడా విప్పాను. చాలావాటిలో అదే మరక. పై నెల బల్లప్పుడు స్తంభం పక్కన నిలబడి చూశాను. ఆమె ఏడవడం లేదు. బుగ్గలో పట్టుకుని, రుమాలులోకి వదిలి, దాన్ని ఉండ చుట్టి గుప్పిట్లో దాచుకుని, కళ్లు ఎర్రగా కనబడేలా వేలితో నలుపుకుంటోంది. థూ. అంత కష్టపడి నటించే బదులు తాగనని చెప్తే ఏం పోయింది?

అమ్మకు చూపించాను. ఆమె ఆ కాగితం చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. తిడుతుందనుకున్నాను, ఏడుస్తుందనుకున్నాను. "నా చేతిది అని ఉమ్మిండ్రు గావచ్చు. గాని నోట్ల పోసుకునేటప్పుడు ఆయన రక్తం అనుకుంటనే పోసుకున్నరు గదనే. మరి ఉమ్మింది ఎవర్ని?" అని, చేతులు కడుక్కుని అన్నం వార్చడానికి పోయింది. బాపుకు చెప్పొద్దంది. ఆయనకు తెలిస్తే కూలిపోతాడంది. అదీకాక ఏడాది ముగియవస్తోంది, వీసా పొడిగింపు కాగితం మీద పెద్దాయన సంతకం కావాలి. తమ్ముడు అప్పటికే ఇంగ్లీషులో కలవరించేవాడు. నా నర్సింగ్ సీటు మాటల్లో ఉంది. అమ్మ ఆ నీళ్లతో మెట్లు ఎక్కగలుగుతోంది.

సంతకం మాట్లాడటానికి పెద్దాయన మా గదికే వచ్చాడు, కుర్చీ మీద రుమాలు పరుచుకుని కూర్చున్నాడు. చాలా మెత్తగా మాట్లాడాడు. క్యాంపు సోదరులకు క్యాంపులోనే వేరుగా ఆరాధన పెడితే వాళ్లకే సుఖం కదా అన్నాడు. రసం ఇకనుంచి దుకాణం నుంచి సీసాలు తెప్పిస్తాం, కుటుంబాలకు చిన్న కప్పులు పెడదాం అన్నాడు. "ఆవిడ చెయ్యి పెట్టి పిసకడం ఏంటండీ, అందరూ చూస్తున్నారు, బాగోదు. ఇవి చిన్న విషయాలు, వీటి కోసం పిల్లల భవిష్యత్తు పాడుచేసుకోకండి." బాపు తల ఊపాడు. బల్ల శుక్రవారం అయ్యాక చెప్తానయ్యా అన్నాడు. ఆ తల ఊపడం చూసి నాకు ఆ రుమాళ్ల కంటే ఎక్కువ రోత కలిగింది. అమ్మకు కూడా కలిగిందేమో, ఆయన పోగానే వద్దన్న మనిషే బాపు ముందు కూర్చుని మొత్తం చెప్పేసింది. బాపు ఎవరెవరు అని అడిగాడు. ముందు వరుస అని నేను చెప్పాను. ఆ వారమంతా ఆయన సరిగ్గా తినలేదు. ఏం చేస్తాడో చెప్పలేదు, అడిగే ధైర్యం మాకు లేదు. ఏమీ చెయ్యడనే నేను అనుకున్నాను.

బల్ల శుక్రవారం వచ్చింది. అమ్మ ఎప్పటిలాగే పిండింది. బాపు గిన్నె పట్టుకుని ముందు పెద్దాయన దగ్గరికి వెళ్లాడు. ఆయన నోట్లో పోసుకున్నాడు, బాపు కదల్లేదు. ఆయన ఆముదం తాగినట్టు కళ్లు మూసుకుని మింగాడు. తర్వాత సుశీలమ్మగారు. ఆమె గిన్నె తాకించుకుని, రుమాలు ఎత్తింది. బాపు పక్క మనిషి దగ్గరికి పోవాలి, పోలేదు. ఆమె ఎదురుగానే నిలబడ్డాడు. పాడేవాళ్లు పాట ఆపేశారు. వెనక క్యాంపు వాళ్లు లేచి చూస్తున్నారు. బాపు ఆ మెత్తటి గొంతుతోనే, అందరికీ వినపడేలా అన్నాడు.

"కండ్లు తర్వాత తుడుసుకోండి అమ్మగారూ. ముందుగాల మింగండి."

ఆమె బుగ్గ ఉబ్బి ఉంది. నోరు తెరిచి మాట్లాడటానికి లేదు, మూసి మింగడానికి రాదు. ఏడుపని పేరుపడ్డ ఆ కళ్లలో మొదటిసారి నిజంగా నీళ్లు తిరిగాయి. ఆమె లేచి, చెప్పులు టకటకలాడిస్తూ బాత్‌రూము వైపు పోయింది. ముందు వరుసలో ఇంకొందరు లేచారు. బాపు వాళ్ల వైపు చూడకుండా గిన్నె పట్టుకుని వెనక బెంచీలకు నడిచాడు. ఎల్లయ్య తాగాడు, అతని పక్కవాళ్లు తాగారు, సిమెంటు మీసాలు, పగిలిన పెదవులు. చివర బాపు తాగాడు. గిన్నె బోర్లించి, ఖాళీగా ఉన్న ముందు వరుసకు చూపించాడు.

ఆ సాయంత్రం పెద్దాయన గుమ్మం దగ్గరే నిలబడి, తిన్నింటి వాసాలు లెక్కపెట్టే మనుషులని తెలియక తెచ్చుకున్నాం అన్నాడు. వాళ్ల ఎంగిలి మేం ఏడాది తిన్నాం, మా చేతిది వాళ్లు ఒక్క గుక్క మింగలేకపోయారు, అయినా వాసాలు లెక్కపెట్టింది మేమట. బాపు సామాన్లు కట్టుకుంటూనే దండం పెట్టాడు. తిరుగు టికెట్లు వాళ్లే కొన్నారు. అంత తొందర. క్యాంపు వాళ్లు విమానాశ్రయం దాకా వచ్చారు, ఎల్లయ్య అమ్మ చేతులు పట్టుకుని కళ్లకు అద్దుకున్నాడు. నేను నల్లగొండలోనే నర్సింగ్ చదివాను. అమ్మ మళ్లీ మా నీళ్లకే వచ్చింది, ఇప్పుడు కర్ర లేకుండా లేవలేదు. బాపు మీద నాకు కోపం లేదు. తమ్ముడికి ఉంది. ఇంగ్లీషు బడి పోయిందని వాడు చాలా ఏళ్లు బాపుతో సరిగ్గా మాట్లాడలేదు.

ప్రారంభం రోజు సుశీలమ్మగారు కారు దిగింది. ముసలిదైంది, అదే సెంటు. అమ్మను చూసి, మీ ఆయన ఎంత ప్రార్థనాపరుడమ్మా అంది. ఆ శుక్రవారం ఆమె మర్చిపోయిందో, మర్చిపోయినట్టు ఉందో నాకు తెలియదు. ప్రవీణ్ పళ్లెంలో చిన్న ప్లాస్టిక్ కప్పులు పెట్టుకుని తిప్పాడు. కరోనా చూసిన నర్సును, కప్పుల మీద నాకు తగాదా లేదు. జబ్బు భయం వేరు. ఆ భయం అందరి నోటికీ ఒకటే, కులం అడగదు. సుశీలమ్మగారు మూత చించి, ఒక్క గుక్కలో, రుమాలు అవసరం లేకుండా మింగేసింది. అమ్మ పళ్లెం తన ముందుకొస్తే చెయ్యి చాపలేదు.

అందరూ పోయాక, పొద్దు వాలుతుంటే, ఇంట్లో అమ్మ బాపు గిన్నె తీసుకొచ్చింది. వద్దని నేను చెప్పలేదు, చెప్పినా ఆమె వినేది కాదు. రసం నిండా ఉంది, ఇల్లంతా ఆ పాత వాసన. మీ బాపు లేని చర్చి పండుగ, గిన్నె ఖాళీగా ఉండొద్దు అని ముందు నాకిచ్చింది. తాగాను. తర్వాత ప్రవీణ్‌కు అందించాను. వాడు గిన్నె తీసుకున్నాడు. జేబులోంచి కాగితపు రుమాలు తీసి, నా పెదవి తగిలిన చోటు ఒకసారి తుడిచాడు. ఇంకొకసారి తుడిచాడు. అటు తిప్పి, అమ్మ వేళ్లు తగిలిన అంచు కూడా తుడిచి, ఒక్క చుక్క తడి చేసుకుని కింద పెట్టాడు. అలవాటుగా చేశాడు, మా మొహాలు కూడా చూడలేదు.

అమ్మ చూసింది. గిన్నె ఎత్తి మిగిలిందంతా తనే తాగింది. కర్ర పట్టుకుని లేచి, దాన్ని బోర్లించి వాడి ముందు పెట్టి అంది.

"మీ బాపు ఉంటే నీ ముందట్నుంచి కదిలేటోడు కాదు బిడ్డా."